సొంత శైలి రావాలంటే ఇష్టమైన దర్శకుల సినిమాలు చూడటం మానేయాలా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పద్దెనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీశారు. అనుకోకుండా అది యూట్యూబ్‌లో బాగా వెళ్లింది. కామెంట్లలో కొందరు మెచ్చుకుంటుంటే, చాలామంది "ఫలానా మలయాళ దర్శకుడి కాపీ" అంటున్నారు. నిజంగానే ఆయన సినిమాలంటే మీకు పిచ్చి. ఇప్పుడొక నిర్మాత ఫోన్ చేసి "ఇలాంటిదే వెబ్ సిరీస్‌గా చేద్దాం" అన్నారు. నాదంటూ ఒక శైలి దొరికేదాకా సినిమాలు చూడటం ఆపేయాలా, ప్రభావం ఉందని ఒప్పుకోవాలా లేదా బుకాయించాలా, పేరొచ్చిన దారిలోనే ఇంకొన్నాళ్లు నడవాలా అన్నది మీ టెన్షన్.

నేను ఎడిటర్‌ని. పెద్ద సినిమాలకీ పనిచేశాను, డబ్బులు రాని షార్ట్ ఫిల్మ్‌లకీ పనిచేశాను. ఎడిటింగ్ రూంలో కూర్చున్నవాడికి దర్శకుడు ఎవరి సినిమాలు చూసి పెరిగాడో అతను చెప్పకముందే తెలిసిపోతుంది. అందుకే ఈ ప్రశ్నకి కాస్త పొడుగ్గా జవాబిస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. సినిమాలు చూడటం మానొద్దు, ఇంకా ఎక్కువ చూడండి. ప్రభావం ఉందని అడిగినవాళ్లకి, అడగనివాళ్లకి కూడా చెప్పండి. నిర్మాతకి వెంటనే సరే అనొద్దు, వెంటనే కాదనొద్దు. ఆపాల్సిందల్లా శైలి కోసం వెతుకులాటే.

మీరు లింక్ పెట్టారు కాబట్టి సినిమా చూశాను. ఆర్టీసీ బస్టాండులో తండ్రి జేబులోంచి నోట్లు తీసి, కొడుక్కి కనపడకుండా పక్కకి తిరిగి లెక్కపెట్టుకుని, టికెట్ డబ్బులు విడిగా తీసి చొక్కా జేబులో పెట్టుకునే సీన్ ఉంది చూడండి, అది ఏ మలయాళ సినిమాలోదీ కాదు. అలాంటి తండ్రిని దగ్గర్నుంచి చూసినవాళ్లే రాయగలరు. కానీ దాని తర్వాత వచ్చే వాన, టీ కొట్టు, కదలని వైడ్ షాట్, కొడుకు కిటికీలోంచి చూడటం, ఇవన్నీ అరువు సరుకు. మీరు ఆ దర్శకుడి సినిమాలో ఆ షాట్ చూశారు, మనసు కదిలింది, తెచ్చి పెట్టుకున్నారు. ఆయన అక్కడ కెమెరాని ఎందుకు కదపలేదో మాత్రం తెచ్చుకోలేదు.

ఆయన కథల్లో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, ఎటూ పోలేరు. అందుకే ఫ్రేమ్ కదలదు, పాత్రలు దాని అంచుల్లోనే తచ్చాడతాయి. మీ కథలో తండ్రీకొడుకులు ఊరు వదిలి వెళ్తున్నారు. వెళ్లిపోయేవాళ్ల మీద అంతసేపు కదలని షాట్ పెడితే చూసేవాడికి "ఇది ఎక్కడో చూశామే" అనిపించకుండా ఎలా ఉంటుంది? కామెంట్లలో వాళ్లకి కారణం తెలియకపోవచ్చు, కానీ ముక్కు బాగానే పనిచేసింది.

షాట్‌ని తెస్తే కాపీ అవుతుంది. ఆ షాట్ ఎందుకలా తీశారో అర్థం చేసుకుని ఆ ఆలోచన తెచ్చుకుంటే ప్రభావం అవుతుంది. నా జవాబంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సత్యజిత్ రాయ్ సంగతి చూడండి. 1950లో ఆయన కలకత్తాలో ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. కంపెనీ పని మీద లండన్ వెళ్లి, ఉన్న కొన్ని నెలల్లో వంద దాకా సినిమాలు చూశారు. వాటిలో ఇటలీ దర్శకుడు డిసీకా తీసిన 'బైసికిల్ థీవ్స్' (1948) ఒకటి. సినిమా తీస్తే ఇలాగే తీయాలని ఆ రోజే నిర్ణయించుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఓడలోనే తన మొదటి సినిమా 'పథేర్ పాంచాలి'కి నోట్స్ రాసుకోవడం మొదలుపెట్టారు. ఇంత గట్టి ప్రభావం మనలో ఎవరి మీదా ఉండి ఉండదు. మరి ఎవరైనా 'పథేర్ పాంచాలి'ని కాపీ అన్నారా?

ఆయన తీసుకున్నవి ఏమిటంటే, స్టూడియో సెట్టు లేకపోయినా పర్వాలేదు, స్టార్లు లేకపోయినా నడుస్తుంది, చిన్న కష్టం చుట్టూ కూడా పూర్తి సినిమా కట్టొచ్చు అన్న ధైర్యం. అంటే పనిచేసే పద్ధతి. రోము వీధుల్ని, సైకిల్‌ని, పని దొరకని తండ్రిని అక్కడే వదిలేశారు. సినిమాకి మూలమైన బిభూతిభూషణ్ నవలకి అంతకుముందే పిల్లల ఎడిషన్ కోసం బొమ్మలు వేసి ఉన్నారు కాబట్టి అందులోని అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు ఆయనకి కొత్తవాళ్లు కాదు. కెమెరా పట్టిన సుబ్రత మిత్ర అంతవరకూ సినిమా కెమెరా నడిపినవాడు కాదు. 1952 అక్టోబరులో రెల్లుపూల పొలంలో షూటింగ్ మొదలైంది. వారం తర్వాత మళ్లీ వెళ్లేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మిగతా సీన్ కోసం మళ్లీ రెల్లు పూసేదాకా ఆగారు. డిసీకా సినిమా ఎన్నిసార్లు చూసినా ఈ సమస్యకి జవాబు దొరకదు. సొంత నేల మీద పని మొదలైతే ఇలాంటి తలనొప్పులు వస్తాయి, సినిమాకి దాని మొహం వచ్చేది కూడా వాటితోనే. మీ బస్టాండు సీన్ తీసేటప్పుడు కూడా ఏదో ఇబ్బంది పడే ఉంటారు. వాన షాట్ మాత్రం సాఫీగా అయిపోయి ఉంటుంది. అవునా కాదా?

మన దగ్గర్నుంచి ఒకటి చెప్తాను. బాపు మొదటి సినిమా 'సాక్షి' (1967). దానికి మూలం 'హై నూన్' (1952) అనే హాలీవుడ్ వెస్టర్న్. అందులో హీరో ఒక మార్షల్, అంటే ఊరి పోలీసు అధికారి, నడుముకి తుపాకీ కట్టుకున్నవాడు. తన మీద పగబట్టినవాడు రైల్లో వస్తున్నాడని తెలిసినా ఊళ్లో ఒక్కరూ తోడు రారు. బాపు, ముళ్లపూడి వెంకటరమణ కలిసి ఆ ఇరకాటాన్ని తెచ్చి గోదావరి ప్రాంతంలో పులిదిండి అనే పల్లెలో దింపారు. ఇక్కడి హీరోకి తుపాకీ లేదు, అధికారం లేదు. హత్య చూశాడు, కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, అంతే. తుపాకీ ఉన్నవాడికి భయం వేయడం వేరు, చేతిలో ఏమీ లేని అమాయకుడికి భయం వేయడం వేరు. ఆ ఒక్క మార్పుతో కథ బరువే మారిపోయింది. ఊరివాళ్లు మొహం చాటేయడం కూడా అక్కడి తీరు వేరు, మన పల్లెల తీరు వేరు. పైగా సినిమా చాలావరకు ఆ ఊళ్లోనే, ఔట్‌డోర్‌లో తీశారు. అప్పటికి తెలుగు సినిమాకి అది అలవాటు లేని పని.

ఇంకాస్త వెనక్కి వెళ్తే బి.ఎన్. రెడ్డి గారి 'బంగారు పాప' (1955) ఉంది. ఎస్.వి. రంగారావు నటన కోసం ఇప్పటికీ చూస్తారు. అది జార్జ్ ఎలియట్ 1861లో రాసిన 'సైలాస్ మార్నర్' అనే ఇంగ్లీషు నవల ఆధారంగా వచ్చింది. రచన పాలగుమ్మి పద్మరాజు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి. పేర్లు చూశారుగా! ఇంగ్లీషు నవల ఈ ఇద్దరి చేతుల మీదుగా వెళ్లాక తెలుగు కాకుండా ఎలా ఉంటుంది? 'మిస్సమ్మ' (1955) బెంగాలీ నాటకం నుంచి వచ్చింది. మనం స్వర్ణయుగం అని చెప్పుకునే రోజుల్లో కూడా ఎక్కడినుంచో తీసుకోవడం మామూలే. కాకపోతే తీసుకున్నాక కూర్చుని దాని మీద పనిచేసేవాళ్లు. నెలల తరబడి కథా చర్చలు జరిగేవి. ఇప్పుడు మూడు రోజుల సిట్టింగ్‌లో లాప్‌టాప్‌లో రెఫరెన్స్ వీడియో ప్లే చేసి "ఈ ఫీల్ కావాలి" అంటున్నారు. (ఈ "ఫీల్" అనే మాటతో నాకు పాత గొడవలున్నాయి, ఇప్పుడు వద్దులెండి.)

ఇక శైలి సంగతి. ఆదుర్తి సుబ్బారావు దగ్గర కె. విశ్వనాథ్ పనిచేశారు. విశ్వనాథ్ దగ్గర 'శంకరాభరణం'కి వంశీ పనిచేశారు. మీకు ఒక రోజు ఖాళీ దొరికితే 'మూగమనసులు' (1964), 'శంకరాభరణం' (1980), 'సితార' (1984) వరసగా చూడండి. ఎడిటర్‌గా నాకు కనపడేది చెప్తాను. ఆదుర్తి భావోద్వేగాన్ని మొహమాటం లేకుండా పైకి తెస్తారు, సీన్ దానితోనే నడుస్తుంది. విశ్వనాథ్ పాట నడుస్తున్నప్పుడు పాడేవాళ్లకంటే వినేవాళ్ల మొహాల దగ్గర ఎక్కువ ఆగుతారు. వంశీ దగ్గరికొచ్చేసరికి అవే పాటలు చిన్న చిన్న ముక్కలైపోతాయి, షాట్ అందీ అందకుండానే తర్వాతిది వచ్చేస్తుంది, ముందు ఏదో ఆకో గుంజో అడ్డం ఉంటుంది. గురువు దగ్గర నేర్చుకోలేదని కాదు. ఏం పనిచేస్తుందో దగ్గర్నుంచి చూసి, తన చూపు వేరని తెలుసుకున్నట్టు నాకనిపిస్తుంది.

వంశీ మొదటి సినిమా ఏమిటో తెలుసా? 'మంచుపల్లకి' (1982), తమిళ సినిమాకి రీమేక్. ఇప్పుడు "వంశీ మార్క్" అని ఒక మాటే ఉందంటే దాని మొదటి అడుగు రీమేక్‌తో పడింది. రెండోది తన సొంత నవల 'మహల్లో కోకిల' నుంచి తీసిన 'సితార'. అది జాతీయ అవార్డు తెచ్చుకుంది. మీరు ఒక షార్ట్ ఫిల్మ్‌కే "నాదైన శైలి లేదు" అని బెంగపడుతుంటే నవ్వొస్తోంది, ఏమీ అనుకోకండి. శైలి అనేది నాలుగైదు సినిమాల తర్వాత ఇతరులు చూసి చెప్పే మాట. తీసేవాడికి ముందే తెలిసిందంటే అది శైలి కాదు, మేనరిజం.

"ఒరిజినల్‌గా ఉండాలి" అన్న మాటలో ఇంకో గుంట ఉంది, జాగ్రత్త. కామెంట్లు చూసి మీరు రేపు "అయితే నా ఊరి కథ తీస్తాను, మా యాస పెడతాను, అప్పుడెవడు కాపీ అంటాడో చూస్తా" అనుకోవచ్చు. మంచిదే. 2023లో 'బలగం' వచ్చింది. అంతవరకూ కమెడియన్‌గానే తెలిసిన వేణు యెల్దండి దర్శకుడు. చావింట్లో కాకి పిండం ముట్టకపోవడం అనే ఒక్క విషయం పట్టుకుని కుటుంబం మొత్తాన్ని బయట పెట్టారు. ఊళ్లలో తెరలు కట్టి జనం కలిసి చూశారు. ఆ తర్వాత నా టేబుల్ మీదికి వచ్చిన స్క్రిప్టుల్లో యాస, కల్లు, చావు, డప్పు లేనిది అరుదైపోయింది. రాసినవాళ్లలో కొందరు హైదరాబాద్ అపార్టుమెంట్లలో పుట్టి పెరిగినవాళ్లు. నేల వాసన కూడా ఫార్ములా అవుతుంది. అరువు వాన ఎంత అబద్ధమో అరువు డప్పు కూడా అంతే. అపార్టుమెంటు కుర్రాడికి లిఫ్టు దగ్గర వాచ్‌మన్‌తో జరిగే సంభాషణ తెలుసు. అసోసియేషన్ మీటింగులో మెయింటెనెన్స్ మీద జరిగే యుద్ధం తెలుసు. అది ఎందుకు రాయడో నాకు అర్థం కాదు.

అలాగని పుట్టిన ఊరి గురించే తీయాలన్న రూలేమీ లేదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన 'మా భూమి' తీసింది గౌతం ఘోష్, బెంగాలీ. ఆయనకి అది మొదటి ఫీచర్ సినిమా. మూలం కిషన్ చందర్ రాసిన ఉర్దూ నవల. బయటివాడు, పరాయి భాష నవల, అయినా ఇక్కడి జనం తమదనుకున్నారు. ఎందుకంటే బి. నరసింగరావు లాంటి ఇక్కడివాళ్లు పక్కనే ఉన్నారు, ఇక్కడి పాట, ఇక్కడి మనుషులు తెరమీద ఉన్నారు. 'శంకరాభరణం' పాటలు పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కాదు. కె.వి. మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని ఆ పాటలు సాధన చేసి పాడారు, జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. మీకు హక్కుందా లేదా అన్నది పుట్టుకతో తేలదు, ఆ విషయం మీద ఎంత కూర్చున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఎడిటింగ్ రూంలో ఈ గొడవ ఎలా కనపడుతుందో కాస్త చెప్తాను, మీకు నేరుగా పనికొస్తుంది. కుర్ర దర్శకులు రఫ్ కట్‌కి (మొదటి కూర్పుకి) ముందే ఇష్టమైన సినిమాలోని మ్యూజిక్ తెచ్చి టెంప్ ట్రాక్‌గా, అంటే అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా, పెట్టమంటారు. పెడతాం. రెండు వారాలు దానితోనే చూస్తారు. ఆ తర్వాత పాపం మ్యూజిక్ డైరెక్టర్ ఏం చేసి తెచ్చినా నచ్చదు, ఎందుకంటే చెవులు అప్పటికే అమ్ముడుపోయాయి. చివరికి ఆ ట్యూన్‌నే కొంచెం అటూ ఇటూ చేయిస్తారు. "కాపీ" అన్న కామెంట్ పుట్టేది ఇక్కడే, షూటింగ్‌లో కాదు. ఇది కుర్రాళ్ల జబ్బే కాదు లెండి. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968)కి అలెక్స్ నార్త్ చేసిన సంగీతాన్ని పక్కన పెట్టేసి, ఎడిటింగ్‌లో తాత్కాలికంగా పెట్టుకున్న, వేరేవాళ్లు అంతకుముందే చేసిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నే దర్శకుడు కుబ్రిక్ ఉంచేశారు. ఆయనకి అది కుదిరింది, అదీ ఉన్నది ఉన్నట్టు వాడుకోవడం వల్ల. ట్యూన్ కొంచెం మార్చి తనదని చెప్పుకోవడం వేరే సంగతి.

నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను చెప్పే పద్ధతి ఇది. మొదటి కట్ మ్యూజిక్ లేకుండా చూడండి. సీన్ అక్కడ నిలబడకపోతే మ్యూజిక్ దాన్ని నిలబెట్టదు, దాస్తుంది. రెఫరెన్స్ షాట్లని షూటింగ్‌కి వెళ్లే ముందే కాగితం మీద రాసుకోండి. ఏ సినిమా, ఏ సీన్, అక్కడ అది ఎందుకుంది, నా సీన్‌లో అదే కారణం ఉందా? నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ షాట్ కొట్టేయండి. ఒక దర్శకుడు ఇలా రాసుకుని, తనకి ప్రాణమైన కారిడార్ ఫైట్ షాట్ తీసేశాడు. అతని కథలో హీరోకి అసలు ఎవరినీ కొట్టాల్సిన అవసరమే లేదని అప్పుడు కనపడింది! ఆ సినిమా క్లైమాక్స్ మాటలతో ముగిసింది, చాలా బాగా వచ్చింది.

ఒప్పుకోవాలా అన్న ప్రశ్న. ఒప్పుకోవడమేంటి, ముందే చెప్పేయండి. రామ్ గోపాల్ వర్మ అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపిన మనిషి. సినిమాలు చూసే సినిమా నేర్చుకున్నానని ఎప్పుడూ దాచలేదు. 'సర్కార్' (2005) మొదట్లోనే 'గాడ్‌ఫాదర్'కి ఇది నివాళి అని తెరమీద వేశారు. ఆ తర్వాత దాన్ని కాపీ అని పట్టుకునే సరదా ఎవరికీ మిగల్లేదు. 'శివ' (1989) విషయం ఇంకా ముఖ్యం. షాట్ల వ్యాకరణం బయటి సినిమాలది కావచ్చు, కానీ కాలేజీ ఎన్నికలు, రౌడీలు, వాళ్ల వెనక రాజకీయాలు విజయవాడలో ఇంజనీరింగ్ చదివినవాడికి తెలిసినవి. జనానికి కొత్తగా అనిపించింది ఆ రెండూ కలిసిన చోటే.

చట్టం కూడా తెలుసుకోండి. ఆర్.జి. ఆనంద్ కేసులో (1978) సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, ఐడియాకి, ఇతివృత్తానికి కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంది. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని నకలే అని స్పష్టంగా అనిపిస్తే అప్పుడు ఉల్లంఘన. 'హమ్ హిందుస్తానీ' అనే నాటకం రాసినవారు 'న్యూ ఢిల్లీ' (1956) అనే హిందీ సినిమా మీద వేసిన కేసు అది. నాటక రచయిత ఓడిపోయారు. ఇటలీ దర్శకుడు సెర్గియో లియోన్ సంగతి ఇంకో రకం. జపాన్ దర్శకుడు కురొసావా 'యోజింబో'ని (1961) అనుమతి లేకుండా తీసుకుని 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964) తీశారు. జపాన్ కంపెనీ కేసు వేసింది, చివరికి వసూళ్లలో వాటా ఇచ్చి సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది. అయినా ఆ సినిమా నుంచి ఒక కొత్త రకం వెస్టర్న్ పుట్టింది. అంటే చేసిన పని తప్పే, పుట్టింది మాత్రం కొత్తదే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మీ షార్ట్ ఫిల్మ్ చట్టం దాకా వెళ్లే సరుకు కాదు, ఆ భయం వదిలేయండి.

నేను గట్టిగా పట్టుబట్టేది వేరే విషయం మీద: పేరులేనివాళ్ల దగ్గర తీసుకున్నది. పేరున్న దర్శకుడి షాట్ తీసుకుంటే గర్వంగా "హోమేజ్" (నివాళి) అంటాం. జానపద గాయకుడి పాట తీసుకుంటే టైటిల్స్‌లో "సంప్రదాయం" అనో "జానపదం" అనో వేసి చేతులు దులుపుకుంటాం. 'మా భూమి'లో గద్దర్ పాడిన "బండెనక బండి కట్టి" అందరికీ గద్దర్ పాటగానే తెలుసు. అది కట్టింది బండి యాదగిరి, ఆ పోరాట కాలంలోనే. 'బలగం' ఈ విషయంలో మంచి పని చేసింది, చివర్లో పాడే బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య తెరమీదే ఉంటారు. మీ సినిమాలో బస్టాండు దగ్గర ముసలాయన పాడే తత్వం ఉంది కదా. ఆయన నిజంగా అక్కడ పాడుకునే మనిషిలాగే ఉన్నారు. ఎండ్ టైటిల్స్ రెండుసార్లు చూశాను, ఆయన పేరు లేదు. డబ్బులిచ్చారో లేదో నాకు తెలియదు. కామెంట్లలో ఎవరూ దీని గురించి అడగలేదు, కానీ ముందు సరిచేయాల్సింది ఇదే. యూట్యూబ్ డిస్క్రిప్షన్‌లో ఈరోజే పేరు వేయండి.

పేరు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి, అది అన్నం పెడుతుందని కూడా అనుకోకండి. కిన్నెర మొగిలయ్య గారికి ('బలగం' మొగిలయ్య కాదు, కిన్నెర వాయిస్తూ పాడే ఇంకొకరు) 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే పెద్ద హీరో సినిమా పాటలో గొంతు వినిపించింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. లక్షల్లో వ్యూస్ వచ్చాయని మీరు ఉద్యోగం మానేసే ఆలోచనలో ఉన్నట్టు ప్రశ్న చివర్లో రాశారు. అప్పుడే వద్దు.

ఇక పేరొచ్చిన దారి. రాయ్ రెండో సినిమా, అపు కథకి రెండో భాగం 'అపరాజితో' (1956) కలకత్తాలో ఆడలేదు. 'పథేర్ పాంచాలి' చూసి మురిసినవాళ్లే దీన్ని పక్కన పెట్టారు. తల్లికి దూరమైపోయే కొడుకుని, తల్లి పోయాక కాస్త ఊపిరి పీల్చుకునే కొడుకుని జనం భరించలేకపోయారని నా ఊహ. మరుసటేడు అదే సినిమాకి వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. అవార్డు వచ్చింది కదా అని వెంటనే మూడో భాగం తీయలేదు. మధ్యలో 'పరశ్ పాథర్' అనే కామెడీ, 'జల్సాఘర్' అనే జమీందారు కథ తీసి, 1959లో 'అపుర్ సంసార్' దగ్గరికి వచ్చారు. ఓడినా గెలిచినా తర్వాతి సినిమాని దాని కారణాలతోనే ఎంచుకున్నారు.

మన దగ్గర అక్కినేని, ఆదుర్తి చేసింది కూడా నాకు ఇష్టం. కమర్షియల్ సినిమాల్లో బాగా నిలదొక్కుకున్నాక ఇద్దరూ కలిసి 'సుడిగుండాలు', 'మరో ప్రపంచం' (1970) తీశారు. డబ్బులు రావని తెలిసి తీసినట్టే ఉంటాయి ఆ సినిమాలు. పేరుని ఖర్చు పెట్టడం అంటే అదీ. పేరు మనల్ని ఖర్చు పెట్టడం ఇంకో రకం. జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరు, నాటకాల మనిషి. 'శంకరాభరణం' తర్వాత ఏ వేషం వేసినా జనం శంకరశాస్త్రినే వెతుక్కున్నారు. ఎంత గొప్ప పాత్ర అయితే అంత గట్టిగా పట్టుకుంటుంది.

నేను దగ్గర్నుంచి చూసిన ఒక కేసు. ట్విస్టు ఉన్న షార్ట్ ఫిల్మ్‌తో పేరొచ్చిన కుర్రాడు. తర్వాత ప్రతిదానికీ ట్విస్టు కావాల్సి వచ్చింది. ఎడిటింగ్‌లో నా పక్కన కూర్చుని "ఇక్కడ కామెంట్లలో ముందే కనిపెట్టేశాం అంటారేమో" అనేవాడు. దాంతో ఆధారాలన్నీ తీసేయించాడు. ట్విస్టు ఎవరూ కనిపెట్టలేదు, ఎవరికీ అర్థం కూడా కాలేదు. కామెంటు కోసం కట్ చేస్తే సినిమా కామెంటంతే ఉంటుంది. మీరు తర్వాతి దాని ఎడిటింగ్ అయ్యేదాకా పాత వీడియో కింద ఏం రాస్తున్నారో చూడకండి. ఫోన్ ఎవరైనా స్నేహితుడి చేతికివ్వండి, ముసలాయన పేరు పెట్టడం లాంటి పనులు అతను చూసుకుంటాడు.

నిర్మాత విషయంలో ఆచరణలో పనికొచ్చే మాటలు కొన్ని. "ఇలాంటిదే" అంటే ఆయన ఉద్దేశం ఏమిటో కూర్చోబెట్టి అడగండి. నా అనుభవంలో దానికి మూడు అర్థాలుంటాయి. తండ్రీకొడుకుల కథ కావాలని కావచ్చు, ఏడిపించేది కావాలని కావచ్చు, లేదా ఇంత తక్కువ ఖర్చులో తీసేవాడు కావాలని కావచ్చు. మూడోదే ఎక్కువ. మొదటిదైతే మీ దగ్గర తండ్రి గురించి చెప్పాల్సింది ఇంకా ఉందా అని చూసుకోండి. ఉంటే చేయండి, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఒకే విషయాన్ని జీవితాంతం తీసినవాళ్లున్నారు, జపాన్ దర్శకుడు ఓజు సినిమాలు చూస్తే తెలుస్తుంది. లేకపోతే వద్దని మర్యాదగా చెప్పండి. అగ్రిమెంట్‌లో "తర్వాతి కథలు ముందు మాకే చూపించాలి" అన్న రకం షరతు ఉందేమో లాయరుతో చదివించండి. అడ్వాన్సు తీసుకునే ముందే స్క్రిప్టుని హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి. రేపు మీ కథని ఇంకెవరో తీస్తే అప్పుడు "ప్రభావం" అన్న మాట మీకు అంత తియ్యగా వినపడదు.

ఇక ఫెస్టివల్ ఫారంలో "దర్శకుడి మాట" అన్న చోట ఏం రాయాలని కింద కామెంట్‌లో అడిగారు. ఆ మలయాళ దర్శకుడి పేరు మొదటి వాక్యంలోనే రాయండి. రెండో వాక్యంలో బస్టాండులో డబ్బులు లెక్కపెట్టుకునే ఆ మనిషి ఎక్కడినుంచి వచ్చాడో రాయండి. మొత్తం ఆరేడు లైన్లు మించకుండా చూసుకోండి, జ్యూరీ ఎక్కువ చదవదు. వీలుంటే ఫెస్టివల్‌కి పంపే కాపీలో ఆ వాన షాట్‌ని సగానికి తగ్గించండి. కిటికీ దగ్గర కొడుకు తల తిప్పే ఫ్రేమ్ దగ్గర కట్ చేసి నేరుగా బస్సు లోపలికి వెళ్లినా కంటిన్యుటీ ఎక్కడా తెగదు, నేను చూసుకున్నాను.